నేల దూరం, గాలి దూరం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ముందు నిలబడి అమెరికా ఎటువైపు ఉందో చేయి చాపి చూపించమంటే ఎక్కువమంది పడమర చూపిస్తారు. బడి గోడకు వేలాడిన ప్రపంచ పటం నేర్పిన పాఠం అది: నడుమ మనం, ఎడమ చివర అమెరికా. జపాన్ మీదుగా వెళ్లే విమానాల సంగతి తెలిసినవాళ్లు తూర్పు చూపిస్తారు. అసలు జవాబు ఉత్తరం. శంషాబాద్ విమానాశ్రయం నుంచి డల్లాస్‌కు అతి దగ్గరి దారి గీస్తే, అది ఉత్తరం నుంచి పడమరకు ఐదు డిగ్రీలు మాత్రమే ఒరిగి బయల్దేరుతుంది, ఉత్తర ధ్రువానికి సుమారు ఐదు వందల కిలోమీటర్ల దగ్గరగా పోయి అవతలి వైపు దిగుతుంది. చికాగో దారి ఉత్తరానికి పన్నెండు డిగ్రీలు పడమరగా ఉంటుంది. శాన్ ఫ్రాన్సిస్కో దారి ఉత్తరానికి పందొమ్మిది డిగ్రీలు తూర్పుగా లేచి నేపాల్, టిబెట్, సైబీరియా దాటుతుంది; ఆర్కిటిక్ అంచును ఒరుసుకుంటూ అలాస్కా మీదికి వచ్చి, అక్కడి నుంచి పసిఫిక్ తీరం వెంట కిందికి దిగుతుంది. హైటెక్ సిటీ నుంచి అమెరికా వెళ్లడమంటే, దిక్కుల లెక్కలో, ముందు ఢిల్లీ వైపు వెళ్లడమే.

నమ్మకం కుదరకపోతే ఒక గ్లోబు, ఒక దారం ముక్క చాలు. దారం ఒక కొస హైదరాబాద్ మీద, రెండో కొస శాన్ ఫ్రాన్సిస్కో మీద పెట్టి బిగించి లాగితే, అది తనంతట తానే ఉత్తరానికి జరిగి కుదురుకుంటుంది. ఆ దారం పడిన గీత, భూమి కేంద్రాన్నే తన కేంద్రంగా చేసుకున్న పెద్ద వృత్తంలో ఒక ముక్క. దాన్నే మహావృత్తం అంటారు. రెండు ఊళ్ల అక్షాంశ రేఖాంశాలు తెలిస్తే ఇంటర్మీడియట్ త్రికోణమితికి ఒక్క మెట్టు పైనున్న సూత్రంతో దాని పొడవు తేల్చవచ్చు. శంషాబాద్ ఉన్నది 17.24 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.43 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. అక్కడి నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు వచ్చే జవాబు సుమారు 13,540 కిలోమీటర్లు. గోడ పటం మీద తూర్పు దిక్కుగా స్కేలు పెట్టి గీసిన సరళరేఖ వెంట, దిక్సూచి ముల్లును ఒకే కోణంలో ఉంచి ఎగిరితే 15,750 కిలోమీటర్లు అవుతుంది. పటాన్ని నమ్మినందుకు పడే జరిమానా రెండు వేల రెండు వందల కిలోమీటర్లు. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాద్‌లో తన అభివృద్ధి కేంద్రం తెరిచింది. ఆ సంస్థ అసలు ఇల్లు ఉన్న సియాటిల్ ప్రాంతం ఇక్కడికి 12,530 కిలోమీటర్లే. శాన్ ఫ్రాన్సిస్కో కంటే వెయ్యి కిలోమీటర్లు దగ్గర. కారణం ఒక్కటే, సియాటిల్ మరింత ఉత్తరాన ఉంది.

ఈ లెక్కలో భూమిని నున్నటి బంతిగా తీసుకున్నాం. నిజానికి భూమధ్యరేఖ దగ్గరి వ్యాసార్ధం ధ్రువాల దగ్గరి వ్యాసార్ధం కంటే 21 కిలోమీటర్లు ఎక్కువ. ఆ నొక్కుడు ఎంతో తేల్చిన మహా కొలతల్లో ఒకటి మన నేల మీదుగానే సాగింది. 1802లో మద్రాసు దగ్గర మొదలుపెట్టిన విలియం ల్యాంబ్టన్, 78వ రేఖాంశాన్ని పట్టుకుని త్రిభుజం తర్వాత త్రిభుజం కట్టుకుంటూ నిజాం రాజ్యం మీదుగా ఉత్తరానికి నడిచాడు. జార్జ్ ఎవరెస్ట్ 1818లో ఆయన దగ్గర చేరింది హైదరాబాద్‌లోనే. ఇవాళ గచ్చిబౌలి, రాయదుర్గం అద్దాల మేడలు నిలబడ్డది ఆ రేఖాంశానికి కాస్త తూర్పున. కానీ ఆ నొక్కుడును లెక్కలోకి తీసుకున్నా మన 13,540 మారేది పదుల కిలోమీటర్లలోనే. కాబట్టి ఈ అంకె మీద అనుమానం అక్కర్లేదు. అనుమానించాల్సింది దాని తర్వాత మనమంతా వేసే అడుగును.

ఆ అడుగు భాగహారం. పెద్ద జెట్ విమానం గంటకు సుమారు 900 కిలోమీటర్లు పోతుంది, 13,540ని 900తో భాగిస్తే పదిహేను గంటలు, కాబట్టి ప్రయాణం పదిహేను గంటలు. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందన్నది ఏడో తరగతి సత్యం. ఇక్కడ అది తప్పడానికి కారణం సూత్రం కాదు, రెండు అంకెలు రెండు వేర్వేరు లోకాలవి కావడం. 13,540 నేల మీద కొలిచిన దూరం. 900 గాలిలో కొలిచిన వేగం. విమానం రెక్కలకు నేల అంటే తెలియదు. తమ చుట్టూ ఉన్న గాలిలో ఎంత వేగంగా చొచ్చుకుపోతున్నామన్నదే వాటికి తెలుసు. ఆ గాలి తానే కదులుతున్నప్పుడు లెక్క మారిపోతుంది. వరద గోదావరిని పడవలో దాటించేవాళ్లకు ఈ విషయం కొత్త కాదు. అవతలి రేవు కళ్లెదురుగా కనిపిస్తున్నా పడవను నేరుగా దానివైపు నడపరు. ఒడ్డు వెంట ఎగువకు తీసుకుపోయి, అక్కడి నుంచి అడ్డంగా వదులుతారు. ఒడ్డు మీద నిలబడి చూసేవాడికి అది చుట్టుదారి, నీటికి అదే దగ్గరి దారి. నా వాదన ఇంతే: రెండు దూరపు విమానాశ్రయాల మధ్య నిజమైన దూరం నేల దూరం కాదు, గాలి దూరం. అంటే విమానం తాను ఎగిరే గాలిలో ఎన్ని కిలోమీటర్లు కోసుకుంటూ పోయిందన్నది. ఆ దూరం నెల నెలకూ మారుతుంది, వెళ్లేటప్పుడూ వచ్చేటప్పుడూ ఒకటి కాదు.

దీనికి భారతీయ విమానయానంలోనే గట్టి రుజువుంది. ఎయిర్ ఇండియా 2015 డిసెంబర్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు ఆగకుండా ఎగిరే సర్వీసు మొదలుపెట్టింది. మొదట్లో ఆ విమానం పడమరగా, యూరప్, అట్లాంటిక్‌ల మీదుగా వెళ్లేది. ఆ దారి దాదాపు 13,900 కిలోమీటర్లు. 2016 అక్టోబర్‌లో వెళ్లే దారిని తూర్పుకు తిప్పి, పసిఫిక్ మీదుగా నడిపారు. ఆ దారి దాదాపు 15,300 కిలోమీటర్లు. పద్నాలుగు వందల కిలోమీటర్లు ఎక్కువ. అయినా ప్రయాణం పద్నాలుగున్నర గంటల్లో ముగిసింది, పాత దారి కంటే సుమారు రెండు గంటలు ముందు. తిరుగు ప్రయాణానికి మాత్రం అట్లాంటిక్ దారినే ఉంచుకున్నారు. పొడవైన దారి త్వరగా పూర్తయిందంటే ఏడో తరగతి సూత్రానికి అది వింతే, గోదావరి పడవవాడికి కాదు.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పకుండా వస్తుంది. భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతోంది కదా; తూర్పుకు ఎగిరే విమానానికి గమ్యం ముందుకు పారిపోతూ ఉండాలి, పడమరకు ఎగిరేదానికి ఎదురొచ్చి కలవాలి; అలాంటప్పుడు పడమర ప్రయాణమే త్వరగా ముగియాలి కదా అని. అడగదగిన ప్రశ్నే. హైదరాబాద్ అక్షాంశం దగ్గర నేల గంటకు దాదాపు 1,600 కిలోమీటర్ల వేగంతో తూర్పుకు పరిగెడుతోంది, అంటే విమానం వేగానికి దాదాపు రెట్టింపు. ఆ పరుగులో విమానానికి వాటా లేకపోతే, శంషాబాద్ మీద గంటసేపు ఊరికే తేలుతూ నిలబడితే చాలు, కింద అరేబియా సముద్రం వచ్చి ఉండాలి. అలా జరగదు. రన్‌వే మీద ఆగి ఉన్న విమానానికి కూడా ఆ 1,600 కిలోమీటర్ల వేగం ముందే ఉంది, దాని చుట్టూ ఉన్న గాలికీ ఉంది. అమీర్‌పేట నుంచి రాయదుర్గం వెళ్లే మెట్రో పెట్టెలో ఎగురుతున్న ఈగ, రైలు ముందుకు పోతోందని వెనక అద్దానికి వెళ్లి గుద్దుకోదు. పెట్టెలోని గాలితో పాటు అదీ కదులుతోంది. భూమి భ్రమణాన్ని నేరుగా కూడనూ అక్కర్లేదు, తీసివేయనూ అక్కర్లేదు.

అయితే భ్రమణం వేరే దారిలో లెక్కలోకి వస్తుంది. ఉష్ణమండలంలో వేడెక్కి పైకి లేచిన గాలి ధ్రువాల వైపు సాగుతుంది. భూమధ్యరేఖ దగ్గర నేలతో పాటు ఎక్కువ వేగంతో తూర్పుకు తిరుగుతున్న ఆ గాలి, ఉత్తరానికి జరిగే కొద్దీ, తనకంటే నెమ్మదిగా తిరిగే నేల మీదికి చేరుతుంది. అదనపు వేగం దాని దగ్గరే మిగిలిపోతుంది, నేలను దాటి తూర్పుకు దూసుకుపోతుంది. విమానాలు ఎగిరే ఎత్తులో, పది పన్నెండు కిలోమీటర్ల దగ్గర, సన్నటి నదుల్లా పారే ఈ గాలులే జెట్ ప్రవాహాలు. 1920లలో జపాన్‌లోని తతేనో పరిశోధనశాలలో వసాబురో ఒయిషి బెలూన్లు వదిలి వీటిని కొలిచాడు. ప్రపంచమంతా చదవాలన్న ఆశతో ఫలితాలను ఎస్పెరాంటో భాషలో అచ్చు వేశాడు. ఆ భాష చదివేవాళ్లు తక్కువ, కనుక ఆ కొలతలు చాలా ఏళ్లు మరుగున పడ్డాయి. చలికాలంలో జపాన్ మీద ఈ ప్రవాహం గంటకు మూడు వందల కిలోమీటర్లు దాటే రోజులుంటాయి. ఎయిర్ ఇండియా విమానం తూర్పుకు తిరిగింది ఈ నదిలో దిగడానికే.

మన తలల మీద గాలి అన్ని నెలలూ ఇలాగే వీచదు. ఈ సంగతి తేల్చినవారు తెలుగువారే. భారత వాతావరణ శాఖలో పనిచేసి, తర్వాత దాని డైరెక్టర్ జనరల్ అయిన పి. కోటేశ్వరం 1958లో 'టెల్లస్' పత్రికలో ఒక పరిశోధన ప్రచురించారు. నైరుతి రుతుపవనాల కాలంలో దక్షిణ భారతం మీద, చాలా ఎత్తున, తూర్పు నుంచి పడమరకు పారే జెట్ ప్రవాహం ఉందని అందులో చూపారు. ఎండాకాలంలో వేడెక్కే టిబెట్ పీఠభూమికి దానిలో పాత్ర ఉందని వాదించారు. రుతుపవనాల అధ్యయనంలో ఆ పేరు ఎంత ముఖ్యమైనదో మన పాఠ్యపుస్తకాలు ఇంకా గట్టిగా చెప్పాల్సి ఉంది. పైగాలి ఇలా కాలాన్ని బట్టి దిశ మార్చుకోవడానికి విమానాల లెక్కలో అర్థం ఇది. హైదరాబాద్ నుంచి దుబాయ్ 2,550 కిలోమీటర్లు. జనవరిలో దారిలో పడమటి గాలి బలంగా ఉన్నరోజున, గంటకు 850 కిలోమీటర్లతో ఎగిరే విమానానికి సగటున వంద కిలోమీటర్ల ఎదురుగాలి తగిలిందనుకుందాం. వెళ్లడానికి మూడు గంటల ఇరవై నాలుగు నిమిషాలు, రావడానికి రెండు గంటల నలభై ఒక్క నిమిషాలు. ఒకే దారి, ఒకే విమానం, నలభై మూడు నిమిషాల తేడా. వానాకాలంలో దక్కన్ మీద పైగాలి తూర్పు నుంచి వీచడం మొదలయ్యాక ఆ తేడా కరుగుతుంది, దారిలో కొంత మేర తలకిందులు కూడా అవుతుంది.

పోనీ, వెళ్లేటప్పుడు పోయింది వచ్చేటప్పుడు దక్కుతుంది కదా, రాకపోకలు కలిపితే గాలి ప్రభావం సున్నా కదా అని మరో మాట. ఇది చూడటానికి న్యాయంగా ఉంది, లెక్కలో నిలవదు. 13,500 కిలోమీటర్ల దారి, 900 వేగం. గాలి లేకపోతే పదిహేను, పదిహేను, మొత్తం ముప్పై గంటలు. వంద కిలోమీటర్ల గాలి ఉంటే, దాని వాలులో వెయ్యి వేగంతో పదమూడున్నర గంటలు. దానికి ఎదురుగా ఎనిమిది వందల వేగంతో పదహారు గంటల యాభై రెండున్నర నిమిషాలు. మొత్తం మీద ఇరవై రెండున్నర నిమిషాల నష్టం. వాలుగాలి ప్రయాణాన్ని కుదిస్తుంది కనుక దాని సాయం తక్కువ సేపు అందుతుంది. ఎదురుగాలి ప్రయాణాన్ని సాగదీస్తుంది కనుక దాని దెబ్బ ఎక్కువ సేపు తగులుతుంది. ఒకే దారిన పోయి ఒకే దారిన వస్తే గాలి ఎప్పుడూ అప్పు వేస్తుందే తప్ప తీర్చదు. ఆ అప్పు తప్పించుకోవాలంటే పోయే దారి, వచ్చే దారి వేరు కావాలి.

గడియారం ఈ విషయాన్ని మరింత మసక చేస్తుంది. చలికాలంలో హైదరాబాద్, శాన్ ఫ్రాన్సిస్కోల మధ్య తేడా పదమూడున్నర గంటలు. ఇక్కడ ఉదయం తొమ్మిదికి లేచి పదిహేను గంటలు ఎగిరిన విమానం, అక్కడ అదే రోజు ఉదయం పదిన్నరకు దిగుతుంది. అక్కడ ఉదయం తొమ్మిదికి లేచి పదహారు గంటలు ఎగిరితే ఇక్కడ మర్నాడు మధ్యాహ్నం రెండున్నర. టికెట్ మీది అంకెలను చూస్తే వెళ్లడానికి గంటన్నర, రావడానికి ఇరవై తొమ్మిదిన్నర గంటలు. తూర్పు, పడమరల తేడా అంతా ఈ గడియారాల మాయే అని కొందరు కొట్టిపారేస్తారు. గడియారాల తేడాను తీసేశాక కూడా మిగిలే గంట, రెండు గంటలు మాయ కాదు. అది గాలి.

అలాగని మహావృత్తం పనికిరాని అంకె అనడం నా ఉద్దేశం కాదు. నేల మీద అంతకు తక్కువ దారి లేదన్న హద్దు అది. ఆ హద్దు నుంచి ఎంత పక్కకు జరగాలో గాలితో పాటు కొండలూ రాజ్యాలూ నిర్ణయిస్తాయి. మన దారం నేరుగా టిబెట్ మీద పడింది. ఆ పీఠభూమి సగటు ఎత్తు నాలుగున్నర వేల మీటర్లు. విమానం లోపలి గాలి ఒత్తిడి తప్పితే పైలట్ వెంటనే మూడు వేల మీటర్ల దాకా దిగాలి, ప్రయాణికుల ముసుగుల్లో ఆక్సిజన్ పావుగంట పైచిలుకే ఉంటుంది. టిబెట్ మీద దిగడానికి ఆ మూడు వేల మీటర్లు లేవు. అక్కడ నేలే అంతకంటే ఎత్తు. అందుకే విమానాలు ఆ పీఠభూమిని పక్కకు తప్పుకుని పోతాయి. సైబీరియా ఆకాశం 2022 నుంచి చాలా పాశ్చాత్య విమానయాన సంస్థలకు మూతపడింది. పాకిస్తాన్ ఆకాశం 2025 ఏప్రిల్‌లో భారతీయ విమానాలకు మూతపడింది. తెరిచి ఉన్న ఆకాశమైనా నిర్జనమైతే దానికో వెల ఉంటుంది. 2023 జూన్‌లో ఢిల్లీ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో వెళ్తున్న విమానం ఇంజిన్ ఇబ్బందితో రష్యా తూర్పు కొసన మగదాన్‌లో దిగింది; ప్రయాణికులను తీసుకెళ్లడానికి మరో విమానాన్ని పంపాల్సి వచ్చింది.

ఇన్ని చెప్పాక, హైదరాబాద్ నుంచి అమెరికాకు నేరుగా విమానం ఎందుకు నిలబడలేదన్న ప్రశ్న మిగిలే ఉంది. 2021 జనవరి 15న ఎయిర్ ఇండియా హైదరాబాద్, చికాగోల మధ్య ఆగకుండా ఎగిరే సర్వీసు ప్రారంభించింది. 13,280 కిలోమీటర్లు, వారానికి ఒకటి, బోయింగ్ 777-200ఎల్ఆర్ విమానం. అది ఎక్కువ కాలం సాగలేదు. దూరం ఎక్కువై కాదు. అదే వారంలో అంతకంటే దూరమైన శాన్ ఫ్రాన్సిస్కో, బెంగళూరు మధ్య, దాదాపు 14,000 కిలోమీటర్లు, ధ్రువం మీదుగా విమానం వచ్చింది. 777-200ఎల్ఆర్‌కు ఆగకుండా పదిహేను వేల కిలోమీటర్లు దాటే సత్తా ఉంది. కానీ ఆ సత్తాకు కట్టే వెల ఇంధనం బరువు. గరిష్ఠ బరువు 347 టన్నులతో లేచే ఆ విమానంలో 145 టన్నులు ఇంధనమే కావచ్చు, పదింట నాలుగు వంతులు. చివరి గంటలో కాలే ఇంధనాన్ని మొదటి పద్నాలుగు గంటలు మోయాలి, మోయడానికి మళ్లీ ఇంధనం కాల్చాలి. దారి పెరిగే కొద్దీ ఖర్చు దానికంటే వేగంగా పెరుగుతుంది. దీనికి తోడు శంషాబాద్ సముద్రమట్టానికి 617 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం 42 డిగ్రీల ఎండలో, 22 డిగ్రీల వేకువతో పోలిస్తే, గాలి సుమారు ఆరు శాతం పలచన. రెక్కలకూ ఇంజిన్లకూ పట్టు తగ్గుతుంది. 4,260 మీటర్ల రన్‌వే ఆ లోటును చాలావరకు పూడుస్తుంది, అయినా నిండు బరువుతో లేచే విమానానికి చల్లటి రాత్రి ఎప్పుడూ మేలే.

నడుమ ఒకచోట ఆగే ప్రయాణాలను కూడా ఈ కళ్లతో చూడాలి. దుబాయ్ మీదుగా శాన్ ఫ్రాన్సిస్కో నేల దూరం 15,590 కిలోమీటర్లు, లండన్ మీదుగా 16,370, హాంగ్‌కాంగ్ మీదుగా 14,870. ఢిల్లీ మీదుగా 13,650 మాత్రమే. నేరు దారికీ దానికీ తేడా నూటపది కిలోమీటర్లు. అమెరికా ఉత్తరాన ఉందన్న మొదటి మాటకు ఇంతకంటే తేలికైన రుజువు లేదు. ఢిల్లీలో దిగి ఎక్కేవాళ్లు కోల్పోయేది దూరం కాదు, దిగడానికీ ఎక్కడానికీ వేచి ఉండడానికీ పట్టే గంటలు. గచ్చిబౌలి నుంచి శంషాబాద్ దాకా పట్టే సమయాన్ని ఔటర్ రింగ్ రోడ్డు తగ్గించినట్టే ఆ గంటలను తగ్గించడం మనుషుల చేతిలో పని, గాలిది కాదు.

ఇప్పుడు, రేపెప్పుడైనా శంషాబాద్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు నేరుగా విమానం వేయాలంటే దారి ఎలా గీయాలో చూద్దాం. ఈశాన్య భారతం, చైనా మీదుగా టోక్యో దాకా 6,390 కిలోమీటర్లు, అక్కడి నుంచి పసిఫిక్ మీద 8,250. మొత్తం 14,640. మహావృత్తం కంటే పదకొండు వందల కిలోమీటర్లు ఎక్కువ, కానీ టిబెట్ నడిబొడ్డు తప్పిపోతుంది, జనవరి జెట్ ప్రవాహం వెనక నుంచి తోస్తుంది. సగటున వంద కిలోమీటర్ల వాలుగాలి దొరికితే పద్నాలుగు గంటల ముప్పై ఎనిమిది నిమిషాలు. గాలి లేని మహావృత్తం పదిహేను గంటల కంటే తక్కువే. అదే దారిన వెనక్కి వస్తే పద్దెనిమిది గంటలు దాటుతుంది, కనుక అలా రాకూడదు. ఉత్తర అమెరికా, అట్లాంటిక్, యూరప్‌ల మీదుగా, జెట్ ప్రవాహం మళ్లీ వెనక నుంచే తోసేలా రావాలి. తూర్పున బంగాళాఖాతం వైపు లేచి వెళ్లిన విమానం, మూడో రోజున అరేబియా సముద్రం వైపు నుంచి శంషాబాద్‌లో దిగుతుంది.